బడి గేటు దాకా వచ్చిన తల్లి
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బయి అయిదు సంవత్సరాలు నిండిన పాఠశాలను గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడు స్థాపకులను స్మరించడం, సాధించిన ఫలితాలను చెప్పుకోవడం, పేరుప్రతిష్ఠలు పొందిన విద్యార్థులను పేరుపేరునా తలచుకోవడం ఆచారం. ఆ కర్తవ్యాన్ని ఈ వేదిక మీది పెద్దలు చక్కగా నిర్వర్తించారు. ఈ ప్రసంగానికి విషయం వేరు. బడి రిజిస్టరులో విద్యార్థి పేరు ఉంటుంది, పుట్టిన తేదీ ఉంటుంది, తండ్రి పేరు, ఊరి పేరు ఉంటాయి. పాత రిజిస్టర్లలో తల్లి పేరు రాయడానికి గడి అయినా ఉండేది కాదు. మొదటి రోజున బిడ్డను చెయ్యి పట్టుకొని తీసుకువచ్చి, గేటు దగ్గర ఆ చెయ్యి వదలిపెట్టి వెనుదిరిగిన ఆమె మనసులో ఏముండేదో ఏ రికార్డులోనూ నమోదు కాలేదు. ఈ ఉత్సవ సందర్భంలో ఆమెను ఒకసారి తలచుకోవడం ధర్మమనిపించి ఈ నాలుగు మాటలు.

ఆ దృశ్యం ఈ సభలో ఉన్నవారందరికీ తెలిసినదే. వానలు పడుతున్న రోజులు. కొండల మీద మబ్బులు దిగి ఉంటాయి. నాగావళిలో ఎర్రనీరు వచ్చి ఉంటుంది. తల్లి ఒక చేత్తో గొడుగు, మరొక చేత్తో బిడ్డను పట్టుకొని వస్తుంది. బిడ్డ భుజాన కొత్త సంచి, సంచిలో పలక, బలపం, ఒక చిన్న డబ్బాలో అటుకులో, జంతికలో. ఇంటి దగ్గర ఎంతో ఉత్సాహంగా బయలుదేరిన పిల్లవాడు గేటు కనిపించగానే అడుగు నెమ్మది చేస్తాడు. లోపలినుండి వినవచ్చే పిల్లల గోల విని తల్లి చీర కుచ్చిళ్లు పట్టుకుంటాడు. ఉపాధ్యాయుడు ఎదురు వచ్చి చెయ్యి అందుకోగానే ఏడుపు ఆరంభం. "మాస్టారూ, మా గుంటడు ఆకలేసినా అడిగి తినేవోడు కాడు, కాస్త సూడండి బాబూ" అని తల్లి అంటుంది. మాస్టారు తల ఊపుతారు. ఆమె వెళ్లిపోవాలి. వెళ్లదు. గోడ పక్కన నిలబడి, లోపలినుండి వస్తున్న ఇరవై ఏడుపులలో తన బిడ్డ ఏడుపు ఏదో గుర్తుపట్టుతూ ఉంటుంది. అది ఆగిపోతే మరింత గాభరా పడుతుంది.

తండ్రి సంగతి వేరుగా కనిపిస్తుంది కాని వేరు కాదు. ఆయన బజారులో నలుగురికీ "మావాణ్ణి బళ్లో వేశాం" అని గర్వంగా చెబుతాడు. మధ్యాహ్నం ఏదో పని కల్పించుకొని బడి వీధిన ఒకసారి నడిచి వస్తాడు. ఇంటిదగ్గర నాయనమ్మ అరుగు మీద కూర్చొని, పసివాణ్ణి అప్పుడే పంపించినందుకు కోడలిని రెండు మాటలు అంటుంది. ఆ రోజు ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది. నాలుగేళ్లుగా, అయిదేళ్లుగా కాళ్లకు అడ్డం పడుతున్న పిల్లవాడు లేనందువల్ల పని త్వరగా పూర్తవుతుంది. పూర్తయిన తరువాత ఏమి చెయ్యాలో ఆ తల్లికి తోచదు.

ఈ బాధకు కారణమేమిటి? బిడ్డ చదువుకోవాలన్నది ఆమె కోరికే. బడిలో వేయాలని పట్టుపట్టినది చాలా ఇళ్లలో ఆమే. అయినా గుండె బరువెక్కుతుంది. తన బిడ్డకు ఎప్పుడు దాహం వేస్తుందో, ఏ మాటకు అలుగుతాడో, చీకటంటే ఎంత భయమో ఎరిగిన ఒకే ఒక మనిషి తాను. ఇకమీదట రోజులో సగభాగం ఆ ఎరుక లేని చోట బిడ్డ ఉండాలి. సాయంత్రం ఇంటికి వచ్చి, "అలా కాదమ్మా, మా మాస్టారు ఇలా చెప్పారు" అని పిల్లవాడు మొదటిసారి అన్ననాడు ఆమెకు నవ్వూ వస్తుంది, లోలోపల ఏదో చివుక్కుమంటుంది కూడా. అంతవరకు ఆ బిడ్డకు లోకమంటే ఆమె. ఇప్పుడు లోకం ఇంకొకటి ఉన్నదని ఆ చిన్ని నోట ఆమె వింటున్నది.

పెద్దలు ఈ వేదనను ముందే గుర్తించినందువల్ల కాబోలు, దానికొక శుభకార్యం రూపం కల్పించారు. తెలుగువారి ఇళ్లలో అక్షరాభ్యాసం ఉంది. విజయదశమినాడో, వసంత పంచమినాడో, మరొక మంచి ముహూర్తానో పళ్లెంలో బియ్యం పోసి, బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకొని, వేలు పట్టుకొని మొదటి అక్షరాలు దిద్దిస్తారు. బడిలో వేసేనాడు తోటి పిల్లలకు పప్పుబెల్లాలు పంచుతారు. ఒడియా ఇళ్లలో ఇదే కార్యానికి ఖొడి ఛువాఁ అని పేరు. ఖొడి అంటే సుద్ద. సుద్దను తాకించడమని అర్థం. గణేశ చతుర్థినాడు, లేదా వసంత పంచమినాడు పిల్లవాని చేత సుద్దతో మూడు సున్నలు చుట్టిస్తారు. అవి బ్రహ్మ విష్ణు మహేశ్వరులకు గుర్తు. రాయగడలోను, కోరాపుట్‌లోను, జయపురంలోను ఈ రెండు ఆచారాలూ ఒకే వీధిలో పక్కపక్క ఇళ్లలో జరుగుతాయి. ఒక ఇంట బియ్యం, ఒక ఇంట సుద్ద. రెండు ఇళ్లలోనూ చిన్న చేతిని పెద్ద చెయ్యి పట్టుకొని నడిపిస్తుంది. ఆ చేతిని ఇంకొకరికి అందించడమే బడిలో చేర్చడం.

ఏ చేతికి అందిస్తున్నాము అన్న ప్రశ్న ప్రతి తల్లికీ ఉంటుంది. ఈ నేల మీది తెలుగు తల్లికి దానితోపాటు ఇంకొక ప్రశ్న కూడా ఉంటుంది: ఏ భాషకు అందిస్తున్నాము?

ఈ ప్రశ్న ఎలా వచ్చిందో తెలియడానికి కొంత చరిత్ర అవసరం. 1936కు ముందు జయపురం సంస్థానంతో కూడిన ఈ కొండప్రాంతం మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణం జిల్లాలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు కోరాపుట్ జిల్లా ఏర్పడి అందులో చేరింది. 1992 అక్టోబరు 2న ఆ పెద్ద జిల్లా నుండి రాయగడ, నవరంగపురం, మల్కనగిరి జిల్లాలు విడిపడ్డాయి. కాగితం మీద గీత మారింది, ఇళ్లు మారలేదు. రాయగడ మీదుగా పారే నాగావళి దిగువకు వెళ్లి శ్రీకాకుళం జిల్లాలో సముద్రాన్ని చేరుతుంది. గుణుపురం ఒడ్డున పారే వంశధార కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. 1931లో పూర్తయిన విజయనగరం – రాయపూరు రైలుమార్గం పార్వతీపురాన్నీ రాయగడనూ ఒకే దారిన కలిపింది. పెళ్లి సంబంధాలు, వ్యాపారాలు, మజ్జిగౌరమ్మ మొక్కులు అటూ ఇటూ సాగుతూనే వచ్చాయి.

ఇటువంటి ఊళ్లో పెరిగే పిల్లవాడు బడికి రాకముందే ఎన్నో మాటలు వింటాడు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, సంతలో దేశియా, కొండ మీదినుండి కట్టెలు, పసుపు, చింతపండు తెచ్చే వారి నోట కువి, గుణుపురం వైపు అయితే సవర. పసివానికి ఇది కష్టం కాదు; ఆడుకుంటూ నేర్చుకుంటాడు. కష్టం తల్లికి. వీధి భాష చెవికి పరిచయమే అయినా, ఆ లిపి ఎరుగని తల్లులు ఎందరో. తనకు చదవరాని పుస్తకం చేతబట్టుకొని బిడ్డ ఇంటికి వస్తే, ఆ బిడ్డ చదువులో తన పాత్ర అన్నం పెట్టడంతో, బట్టలు ఉతకడంతో ముగిసిపోతుందని ఆమెకు తెలుసు. గేటు దగ్గర ఒకసారి వదలిన చెయ్యి, సాయంత్రం దీపం ముందు మరొకసారి వదలవలసి వస్తుంది.

తెలుగు మాధ్యమ పాఠశాల విలువ అక్కడ ఉంది. భాషాభిమానం గొప్పదే. సంస్కృతి పరిరక్షణ అనే మాటా గొప్పదే. వాటికంటె ముందు నిలిచే ప్రయోజనం ఒకటి ఉంది. పిల్లవాడు సాయంత్రం పలక చూపించినప్పుడు, "క" కు తలకట్టు సరిగా లేదని చెప్పగలిగే మనిషి ఇంట్లో ఉండడం. రెండో తరగతితో చదువు ఆగిపోయిన తల్లి కూడా మొదటి తరగతి పాఠం వినగలదు. అక్షరం బొత్తిగా రాని తల్లి సైతం, పిల్లవాడు చదివే కథలోని కాకి ఎవరో, కుండ ఏమిటో, నీళ్లు ఎలా పైకి వచ్చాయో అర్థం చేసుకొని నవ్వగలదు. ఆ నవ్వు పిల్లవానికి వంద మార్కులు. ఈ రోజున ఉద్యోగాలు చేసి విశ్రాంతి పొందిన పూర్వ విద్యార్థులు తమ తల్లులు పక్కన కూర్చొని ఎక్కాలు వల్లెవేయించిన రాత్రులను జ్ఞాపకం చేసుకుంటే ఈ మాటలోని నిజం తెలుస్తుంది.

ఇలా చెప్పడం ఒడియాను కాదనడం ఎంతమాత్రం కాదు. ఒడియా ఈ రాష్ట్రపు భాష, ఇరుగుపొరుగుల భాష, ఉద్యోగానికి, వ్యవహారానికి కావలసిన భాష. దానిని బాగా నేర్వని తెలుగు బిడ్డ తన ఊళ్లోనే పరాయివాడవుతాడు. జయపురాన్ని 1931 నుండి 1951 వరకు ఏలిన విక్రమదేవవర్మ ఒడియాలోను తెలుగులోను కవిత్వం చెప్పినవారు. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉదారంగా విరాళాలిచ్చి పోషించినవారు. ఒక భాషను ప్రేమించడానికి మరొక భాషను ద్వేషించనవసరం లేదని ఈ ప్రాంతానికి వేరెవరో వచ్చి చెప్పవలసిన పని లేదు. ఇక్కడ చెప్పదలచినది వరుసను గురించి మాత్రమే. ఇల్లు దిగడానికి మొదటి మెట్టు ఇంటి భాష అయితే, తక్కిన మెట్లు బిడ్డ భయం లేకుండా దిగుతాడు.

ఈ మాట తెలుగువారు తమ కోసం చెప్పుకున్నప్పుడు, దాన్ని ఇతరుల పట్ల కూడా పాటించారా అని తమను తాము ప్రశ్నించుకోవాలి. ఈ సందర్భంలో ఒక మహనీయుని స్మరించక తప్పదు. గిడుగు వేంకట రామమూర్తి పంతులు 1863 ఆగస్టు 29న జన్మించారు. 1880లో పర్లాకిమిడిలో రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. ఆయన జన్మదినాన్ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్న వారిలో చాలామందికి ఆయన వ్యావహారిక భాషోద్యమం తెలుసు. ఆ ఉద్యమానికి ముందే ఆయన చేసిన పని అంతగా తెలియదు. పర్లాకిమిడి చుట్టుపట్ల కొండలలోని సవరలను ఆయన చూశారు. వారి పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు తాను వారి భాష నేర్చుకోవాలని గ్రహించారు. ఆ రోజులలో నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు. సవర తెలిసిన మనిషిని ఇంటికి పిలిపించుకొని నేర్చుకున్నారు. సవర భాషలో వాచకాలు రాసి, సొంత డబ్బు వెచ్చించి బడులు పెట్టి, సవర పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పించే ఏర్పాటు చేశారు. ప్రభుత్వం ఆ కృషికి ప్రతిఫలం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకు బడి నడపమని కోరారు. సవర వ్యాకరణం 1931లోను, సవర – ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడ్డాయి. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో చేరినప్పుడు ఆయన ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లారు. 1940లో కీర్తిశేషులయ్యారు.

ఈ చరిత్రలో తెలుగువారు గర్వించదగినదీ ఉంది, తల వంచుకోదగినదీ ఉంది. గిడుగువారు అంత శ్రమ పడవలసి వచ్చిందంటే, సవర తల్లి బిడ్డకు అంతవరకు అందుబాటులో ఉన్న బడి వాని భాష ఎరుగని బడి అన్నమాట. ఆ బడి భాషలలో తెలుగు కూడా ఒకటి. ఒడియా పుస్తకం ముందు ఈనాటి తెలుగు తల్లి పడే సంకోచమే, తెలుగు పుస్తకం ముందు ఆనాటి సవర తల్లి పడింది. అప్పుడు ఆమె సంకోచాన్ని గుర్తించిన తెలుగువాడు ఒక్కరు. ఈ ప్రాంతంలోని పాఠశాలలలో నేటికీ కోదుల పిల్లలు, సవరల పిల్లలు, గదబల పిల్లలు, పరజల పిల్లలు కూర్చుంటున్నారు. పది మైళ్లు కొండ దిగి బిడ్డను తీసుకువచ్చిన తల్లి గేటు దగ్గర ఏమీ అడగలేక నిలబడితే, ఆమెకు అడగవలసినది లేదని అనుకోరాదు. అడగడానికి అక్కడ ఆమె భాష ఎరిగినవారు లేరు. మాతృభాషలో చదువు కావాలని కోరేవారు ఆ కోరికను తమ ఇంటి గడపతో ఆపితే అది హక్కు కాదు, స్వార్థం.

చట్టాలు ఈ విషయంలో మౌనంగా లేవు. 1956లో జరిగిన ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రం ప్రయత్నించాలని చెబుతుంది. యునెస్కో 1953లోనే విద్యలో ఇంటి భాషల వినియోగాన్ని గురించి ఒక గ్రంథాన్ని ప్రకటించి, బిడ్డకు చదువు చెప్పడానికి మాతృభాష మిక్కిలి అనువైనదని పేర్కొన్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టం సాధ్యమైనంతవరకు బోధన బిడ్డ మాతృభాషలో ఉండాలన్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానం కనీసం అయిదవ తరగతి వరకు ఇంటి భాషలో బోధనను సూచించింది. ఒడిశా ప్రభుత్వం 2006 – 07 ప్రాంతంలో గిరిజన భాషలలో ప్రాథమిక విద్యకు పూనుకొని కువి, సవర, కోయ మొదలైన పది భాషలలో బోధన ఆరంభించింది. గిడుగువారి కల ఎంతో ఆలస్యంగానైనా ప్రభుత్వ కార్యక్రమమైంది.

చట్టం గదిని కట్టగలదు, పుస్తకం అచ్చువేయగలదు. బెంచీ మీద బిడ్డను కూర్చోబెట్టవలసినవారు మాత్రం తల్లిదండ్రులే. ఈ ఉత్సవ సమయంలో దాచరాని నిజం ఒకటి ఉంది. ఈ సభలో కూర్చున్న పూర్వ విద్యార్థులలో అనేకులు తమ పిల్లలను, మనుమలను ఇంగ్లీషు మాధ్యమ బడులలో చేర్పించారు. వారిని నిందించడం తేలిక. ఆ నింద న్యాయం కాదు. ఆ నిర్ణయం వెనుక ఉన్నది కూడా గేటు దగ్గర నిలబడిన తల్లి భయమే. తన బిడ్డ వెనకబడిపోతాడేమో, పెద్దవాడైన తరువాత ఎవరి ముందో మాట రాక నిలబడతాడేమో అన్న భయం. తాను పడిన ఇబ్బంది బిడ్డ పడరాదన్న ప్రేమ. తెలుగు బడికి కావలసిన ఉపాధ్యాయులు సకాలంలో దొరకకపోయినా, పుస్తకాలు ఆలస్యంగా వచ్చినా ఆ భయం రెట్టింపవుతుంది. భయపడిన తల్లికి ఉపన్యాసం ధైర్యం చెప్పదు. బడి చెప్పాలి. మూడవ తరగతి బిడ్డ తెలుగు పుస్తకం తడుముకోకుండా చదివి, ఒడియా బోర్డు చదివి, నాలుగు ఇంగ్లీషు మాటలు బెరుకు లేకుండా మాట్లాడితే, ఆ వీధిలోని తల్లులకు ఇంకొకరు చెప్పవలసిన పని ఉండదు.

తండ్రి మనసులోని కలత ఒక బడినే పుట్టించిన ఉదాహరణ భారతదేశంలోనే ఉంది. గుజరాతుకు చెందిన గిజుభాయి బధేకా (1885 – 1939) వృత్తిచేత వకీలు. 1913లో ఆయనకు కుమారుడు పుట్టాడు. ఆ పసివానికి ఎటువంటి చదువు చెప్పించాలి అన్న విచారంతో పుస్తకాలు తిరగవేయడం ఆరంభించారు. ఆనాటి బడులు, అక్కడి బెత్తం, పిల్లల ముఖాలలోని భయం ఆయనకు మింగుడు పడలేదు. చివరకు వకాలతు విడిచిపెట్టి, 1920లో భావనగరంలో బాలమందిరం నెలకొల్పారు. పిల్లలు నవ్వుతూ వచ్చే బడి సాధ్యమని చూపించారు. తన బిడ్డ గురించిన ఆందోళనను ఊరందరి బిడ్డల కోసం వినియోగించిన తండ్రి ఆయన. ప్రతి తండ్రీ బడి పెట్టలేడు. బిడ్డ చదివే బడిని తనదిగా భావించడం ప్రతి తండ్రికీ సాధ్యమే.

బ్రిటిషు మనోవైద్యుడు జాన్ బౌల్బీ (1907 – 1990) తల్లీబిడ్డల అనుబంధాన్ని గురించి జీవితమంతా పరిశోధించారు. అవసరమైనప్పుడు చేరుకోవడానికి ఒక చోటు ఉన్నదన్న నమ్మకం గల బిడ్డ ధైర్యంగా దూరం వెళ్లగలడని ఆయన సిద్ధాంతం తెలుపుతుంది. ఏడ్చే బిడ్డ పిరికివాడు కాడు. వానికి ఇల్లంటే ఇష్టం ఉన్నదని అర్థం. ఆ ఇష్టాన్ని చెరపకుండా దాని పక్కన బడి మీద ఇష్టాన్ని పెంచడం ఉపాధ్యాయుని నేర్పు.

ఈ దృష్టితో చూస్తే బడి చేయదగిన పనులు చిన్నవే, ఖర్చు లేనివే. మొదటి వారంలో తల్లినో, నాయనమ్మనో కొంతసేపు తరగతిలో కూర్చోనివ్వవచ్చు. బిడ్డను రిజిస్టరులోని పెద్ద పేరుతో కాక ఇంట్లో పిలిచే పేరుతో నాలుగు రోజులు పిలవవచ్చు. మొదటి నెలలో పలక మీద తప్పులు దిద్దడం కంటె పాట, కథ, ఆట ఎక్కువగా ఉంచవచ్చు. తరగతిలో కువి మాట్లాడే బిడ్డ ఒక్కరున్నా, నీళ్లు, అన్నం, అమ్మ, నొప్పి, ఇల్లు అనే మాటలు ఆ భాషలో ఉపాధ్యాయుడు నేర్చుకోవడానికి ఒక పూట చాలు. సాయంత్రం బిడ్డను అప్పగించేటప్పుడు తల్లితో ఒక మాట చెప్పాలి: "ఈ రోజు అన్నం తిన్నాడమ్మా." ఒడిశాలో 1995లో మధ్యాహ్న భోజనం మొదలైన తరువాత ఆకలిని గురించిన తల్లుల భయం కొంత తగ్గింది. అయినా ఆ ఒక్క మాట వినడానికి ఆమె పొద్దుటినుండి ఎదురుచూస్తూ ఉంటుంది.

తల్లిదండ్రులకు కూడా కొన్ని విన్నపాలు. పిల్లవాడు ఆటలో పడిన సమయం చూసి చెప్పకుండా జారుకోవడం చాలామంది చేసే పని. వాని ఏడుపు చూడలేక అలా చేస్తారు. తిరిగి చూసేసరికి తల్లి లేకపోతే బిడ్డ నమ్మకం దెబ్బతింటుంది. "బడి వదిలే వేళకు వస్తాను" అని చెప్పి వెళ్లాలి, చెప్పిన వేళకు రావాలి. అల్లరి చేసినప్పుడు "ఉండు, మాస్టారికి చెబుతాను" అని బెదిరించరాదు. రేపు ఆ మాస్టారి పక్కనే కూర్చొని బిడ్డ అక్షరం నేర్వాలి. ఇంటికి రాగానే "ఏం రాశావు?" అని అడిగే ముందు "ఎవరితో ఆడుకున్నావు?" అని అడగాలి. పక్కింటి పిల్ల అప్పుడే గుణింతాలు రాస్తున్నదని పోల్చి చిన్నబుచ్చరాదు. చదవరాని తల్లి సైతం బిడ్డ చేత పాఠం చదివించుకొని వినవచ్చు. వినడమూ బోధనలో భాగమే.

ఇక పూర్వ విద్యార్థులకు ఒక మాట. జూబిలీకి విరాళాలు ఇచ్చారు, గదులు కట్టించారు, బహుమతులు ఏర్పాటు చేశారు. అవన్నీ శ్లాఘనీయమైనవి. వాటితోపాటు బడికి మరొక అవసరం ఉంది. చేర్పుల సమయంలో, గేటు దగ్గర తటపటాయిస్తున్న యువ తల్లిదండ్రులతో మాట్లాడడానికి ఇక్కడ చదువుకొన్న పెద్దలు ఉండాలి. తెలుగు మాధ్యమంలో చదివి ఒడియాలో కార్యాలయ వ్యవహారం నడిపినవారు, ఇంగ్లీషులో పై చదువులు చదివినవారు ఈ సభలోనే ఉన్నారు. ఏ చోట ఇబ్బంది పడ్డారో, దాన్ని ఎలా దాటారో దాచకుండా చెబితే ఆ తల్లిదండ్రులకు అంతకంటె మంచి సమాధానం లేదు. బిడ్డను ఏ బడిలో చేర్చాలన్నది వారి నిర్ణయం. ఆ నిర్ణయం భయంతో కాక ఎరుకతో జరిగేటట్లు చూడడం పూర్వ విద్యార్థులు తీర్చుకోదగిన ఋణం.

ఈ సభామందిరంలో ముందు వరుసలో కూర్చున్న కొందరు తల్లులు వయసు మీరినవారు. ఒకప్పుడు ఈ గేటు బయట గొడుగు పట్టుకొని నిలబడినవారు. వారు వదలిన చిన్న చేతులు ఇప్పుడు పెద్దవై, మెట్లెక్కలేని ఆ తల్లులను చెయ్యి పట్టుకొని ఈ సభకు తీసుకువచ్చాయి. ఆనాడు వారు గోడ పక్కన పడిన వేదన వృథా పోలేదని చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు.

వచ్చే వానాకాలంలో మళ్లీ కొందరు తల్లులు ఈ గేటు దాకా వస్తారు. వారిలో తెలుగు తల్లి ఉంటుంది, ఒడియా తల్లి ఉండవచ్చు, కొండ దిగివచ్చిన కోదు తల్లి ఉండవచ్చు. ఏ తల్లి వచ్చినా, ఆమె బిడ్డ చెయ్యి అందుకొనే ముందు ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, కూర్చోమని చెప్పి, ఆమె మాట వినే బడిగా ఈ విద్యాలయం నూరేళ్ల పండుగ జరుపుకోవాలని ఆకాంక్ష.

స్వస్తి.